మూతపడని మా ఆర్కెస్ట్రా

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా క్రెయిగీబర్న్ స్కూలు హాల్లో సింఫనీ కచేరీకి వెళితే, కూర్చోవడానికి చోటు లేక గోడవారగా నిలబడాల్సి వచ్చింది. డెబ్బై దాటిన మోకాళ్ళు మొరాయిస్తున్నా నాకు సంతోషమే వేసింది. ఇదే ఆర్కెస్ట్రాను మూసేద్దామని అందరం తలలు దించుకుని కూర్చున్న రోజు కళ్ళముందు కదిలింది.

ఈ దేశం వచ్చి, ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేస్తూ, శనివారాలు ఈ ఔత్సాహిక బృందంలో వాయించడం మొదలుపెట్టిన కొత్తలో నా పాట్లు ఇన్నీ అన్నీ కావు. బెజవాడలో మా మేనత్త దగ్గర నేలమీద కూర్చుని, కళ్ళు మూసుకుని వయొలిన్ నేర్చుకున్నదాన్ని, ఇక్కడ కుర్చీలో నిటారుగా కూర్చుని, కాగితం మీద స్వరాలు చూస్తూ, పక్కవాళ్ళ కమాను ఎటు పోతే నాదీ అటే పోనివ్వాలి. స్వరాన్ని కాస్త ఊపితే చాలు, బృందాన్ని నడిపించే కండక్టరమ్మ నవ్వుతూ వేలు అడ్డంగా ఆడించేది. కానీ అన్ని వాద్యాలూ ఒక్కసారిగా మోగినప్పుడు ఒళ్ళు ఝల్లుమనేది. ఒంటరిగా వాయించినప్పుడు ఎన్నడూ ఎరగని అనుభవం అది.

ఏళ్ళు గడిచేకొద్దీ వాయించేవాళ్ళు పెద్దవాళ్ళై తప్పుకున్నారు, వినేవాళ్ళూ పలచబడ్డారు. చివరికి పదకొండుమందిమి మిగిలాం. మూసివేత మాట వచ్చినప్పుడు, చుట్టూ ఇన్ని కొత్త ఇళ్ళు లేస్తున్నాయి కదా, వాళ్ళను మనం ఒక్కసారైనా పిలిచామా అని అడిగాను. "అయితే నువ్వు పిలువు, అప్పటిదాకా నేను ఆగుతాను" అంది కండక్టరమ్మ.

తెలుగువాళ్ళతో మొదలుపెట్టి ఇంటింటికీ తిరిగాను. "ఆంటీ, మాకా మ్యూజిక్ అర్థం కాదండీ, వీకెండంతా పిల్లల క్లాసులకే సరిపోతుంది" అని ఒక ఐటీ అమ్మాయి తప్పించుకోబోతే, అర్థం కాకపోయినా ఫర్వాలేదు, పాపను తీసుకురమ్మన్నాను. కచేరీ రోజున ఆమె వచ్చింది, ఇంకా చాలామంది వచ్చారు. కండక్టరమ్మ పిల్లలందరినీ వాద్యాల మధ్యనే కూర్చోబెట్టింది. కచేరీ ముగిశాక కూడా ఆ అమ్మాయి కూతురు, పెద్ద వయొలిన్‌లా ఉండే సెల్లో పక్కనుంచి లేవకుండా, "కెన్ ఐ ట్రై ఇట్?" అంది. మరుసటి శనివారం రిహార్సల్‌కు ఏడుగురు పిల్లలు వచ్చారు; ఆ తర్వాత మూసివేత మాట ఎవరూ ఎత్తలేదు. మొన్న సెల్లోల ముందు వరసలో వాయించింది ఆ పాపే, ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది.

కండక్టరమ్మ ఇప్పుడు లేదు. ఆనాటి పదకొండుమందిలో బతికున్నది ఇద్దరమే, నేనూ వేళ్ళు బిగుసుకుపోయి ఎప్పుడో వాయించడం మానేశాను. మా రోజుల్లో వయొలిన్ పట్టుకోవడం వస్తే చాలు, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ళనే చేర్చుకుంటున్నారు. ఈ వేళ్ళతో నేను వెళితే నాకు అక్కడ చోటు దొరకదు. ఆ మాట తలచుకుంటే మనసు కాస్త చివుక్కుమంటుంది, వెంటనే గర్వంతో నిండిపోతుంది.