మామను వద్దన్నాక

మా మామ మంచివాడు. తాగితే ఇంకా మంచివాడు, అదే మా ఖర్మ. అమ్మకు సొంత తమ్ముడు. దిబ్బూరహళ్ళిలో మా పక్క వీధే వాళ్లది. నాకు పదిహేడు నిండగానే నన్ను ఆయనకే ఇవ్వాలని ఖాయం చేశారు. మా వాళ్లలో అక్క కూతురి మీద మేనమామదే మొదటి హక్కు.

అమ్మ చుక్క ముట్టదు. కానీ ఏడాదికి రెండు మూడుసార్లు గోడవైపు తిరిగి పడుకుందంటే పది రోజులు లేవదు. ఇంట్లో పెంచే పట్టుపురుగులు ఆకు లేక మాడుతున్నా పలకదు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఎందుకిలా అని వాళ్లను కన్న అవ్వను అడిగాను. అవ్వ విసుక్కుంది.

"నాకు యాడ తెలుసు తల్లీ? చిన్నప్పటి నుంచీ ఇద్దరిదీ ఒకటే గుణం. ఒక మాట అంటే చాలు, మూడు దినాలు కూడు ముట్టరు. వాడు తాగి ఏడుస్తాండాడు, ఇది తాగకుండా ఏడుస్తాండాది. అంతే!"

ఆ మాట తలలో దూరి కూర్చుంది. అదే వారం నాన్నతో పట్టుగుడ్ల కోసం సర్కారు రేష్మె ఆఫీసుకు, అంటే పట్టు ఆఫీసుకు, వెళ్లాను. అక్కడి ఆయన గుడ్లు పెట్టిన తల్లి పురుగును నూరి మైక్రోస్కోపులో చూశాడు. దానికి రోగముందట, అది గుడ్లకూ దిగుతుందట. నిక్షేపంలా కనిపిస్తున్న గుడ్లన్నీ కాల్చేయమన్నాడు. పురుగులకింత పరీక్షా, మనుషులకేమీ లేదా! నాకు ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి, "మామను చేసుకోను. అమ్మదీ ఆయనదీ ఒకటే నెత్తురు. రెండు పక్కలా అదే వచ్చి నా పిల్లల మీద పడతాది" అన్నాను. నాన్న చెయ్యెత్తాడు. అవ్వ రొమ్ము బాదుకుంది. మామ మాత్రం గడపలో నిలబడి నవ్వాడు.

"మంచి పని చేస్తివి, పిల్లా" అన్నాడు. ఆ రోజంతా తాగలేదు. ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాదు.

తర్వాత కైవారలో, కల్లు వాసన కూడా గిట్టని ఇంటికి నన్ను ఇచ్చారు. గెలిచాననుకున్నాను. కూతురు పుట్టిన మూడో నెలలో ఒక ఉదయం మెలకువ వచ్చింది గానీ లేవబుద్ధి కాలేదు. ఎవరూ ఏమీ అనలేదు, ఏ కష్టమూ లేదు. ఊరికే ఏడుపు. నాలుగు రోజులు చూసి అత్త భయపడి అమ్మకు కబురంపింది.

అమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుని చాలాసేపు నా కాళ్లు నిమిరింది.

"నాకూ ఇట్లే అయితాండె, అమ్మా. నీకు రాకూడదని ఎంతమంది దేవుళ్లకు మొక్కుకొంటినో" అంది.

తన సంగతి అమ్మ నోరు విప్పి చెప్పడం అదే మొదటిసారి. ఇంతలో పాప పాలకోసం ఏడ్చింది. అమ్మ తీసుకొచ్చి నా పక్కన పడుకోబెట్టింది. కాల్చేయమన్న ఆ గుడ్లు గుర్తొచ్చాయి. రొమ్ముకు తీసుకోవాలో వద్దో నాకు తెలియలేదు.