తాత వెండికర్ర మీద పాట

నిజాం కాలంలో మా ముత్తాత ఊరి పన్నులు వసూలుచేసే మాలీపటేల్, తాత ఊరి కాపలా చూసే పోలీస్‌పటేల్. నేను సూర్యాపేటలో ఓ చిన్న రేడియో స్టేషన్‌కు నెలనెలా కొత్త పాటలు ఎంచుతాను. ఎవరి సిఫార్సూ వినను.

ఓ నెల చివ్వెంల నుంచి నాట్లేసే ఎల్లమ్మ వచ్చి, తాను కట్టిన పాట పాడింది. వెండికర్రతో కూలీలను అదిలించే పటేలును వెక్కిరించే పాట.

"గది మీ తాత మీదనే దొరా. ఏస్తరా మరి?" అని నవ్వింది.

ఆ నెల వచ్చినవాటిలో అదే మేలైన పాట. వేశాను.

పాట ముగియకముందే మిర్యాలగూడ నుంచి చిన్నాయన ఫోన్.

"ఇంటి ఇజ్జత్ తీస్తవారా? ఆపకుంటే నా గడప తొక్కకు!"

మా వంశంలో నాకు మిగిలిన పెద్దదిక్కు ఆయనొక్కడే.

"రాను చిన్నాయనా. రేపు మళ్లీ ఏస్త, ఇను."

మర్నాడు వేశాను. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడడు, నేనూ తల వంచలేదు.

ఎల్లమ్మ పాడిన మైకు కొనడానికి నేను అమ్మింది ఆ వెండికర్రనే.