ఏకగ్రీవముగా తీర్మానించడమైనది

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే నిలబడి, "పెద్దనాయనా, నన్ను స్కూలు కమిటీ చైర్మన్ చేసినారు" అన్నాడు. సంతోషంగా చెప్తున్నాడో మొర పెట్టుకుంటున్నాడో ఆ గొంతును బట్టి తెలియలేదు. కూతురిని మా ఊరి బడిలో ఒకటో తరగతిలో చేర్పించి ఇంకా నెల కాలేదు, అప్పుడే దొరికిపోయాడు. చంకలో ఒక కొత్త లాంగ్ నోట్‌బుక్కు, జేబులో పెన్ను. "తీర్మానం ఎట్ల రాయాల్నో నీకు బాగా తెలుసంట గదా. ఒగటి రాసియ్యి, దాన్ని చూసి రాసుకుంటా" అన్నాడు. రాసివ్వడానికి ఎంతసేపు పడుతుంది? నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చెప్పగలను. అయినా చేయి రాలేదు. టీ తాగి పో, రేపు చూద్దాం అని పంపేశాను. వాడు పోయాక మా ఆవిడ నా ముఖం చూసింది. ఆమెకు తెలుసు.

నేనూ అలాగే దొరికిపోయినవాణ్ణే. అప్పటికీ ఇప్పటికీ నేను రాయదుర్గంలో ఒక జీన్స్ యూనిట్‌లో కటింగ్ మాస్టర్ని. పదేళ్ల కిందట ఒకరోజు కరెంటు పోయి మిషన్లు ఆగిపోతే మధ్యాహ్నానికే ఊరికి వచ్చాను. మా పాప చదువుతున్నట్టు సర్టిఫికెట్ ఏదో కావాలంటే, ఖాళీగా ఉన్నాం కదా అని బడికి వెళ్లాను. అదే నేను చేసిన తప్పు. ఆ రోజు కమిటీ ఎన్నిక. తల్లిదండ్రుల్లో సగం మందైనా ఉంటే తప్ప ఎన్నిక చెల్లదట. ఉదయం నుంచి ఒక మనిషి తక్కువై హెడ్మాస్టరు గారు గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. వానలు లేక శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది అది. మగవాళ్లలో సగం మంది బెంగళూరులో కాంక్రీటు పనికి పోయారు, మిగిలినవాళ్లు బోర్లు వేయించి నీళ్లు పడక మంచాల మీద ఉన్నారు. ప్యాంటు వేసుకుని, సంతకం గబగబా పెట్టగలిగే మగమనిషి ఆ గదిలో నేనొక్కణ్ణే. చేతులెత్తమన్నారు. ఒక తాత మాత్రం టీ ఎవరికి కావాలో అడుగుతున్నారనుకుని ఎత్తాడు. ఏదైతేనేం, చైర్మన్నయిపోయాను.

చైర్మన్ అంటే ఏదో ఉంటుందని మొదట్లో నేనూ అనుకున్నాను. ఉన్నదల్లా నెలకొకసారి యూనిట్లకు సెలవు రోజు చూసి పెట్టే మీటింగు, అప్పుడప్పుడు మధ్యాహ్న భోజనం రుచి చూడటం. సాంబారు నోట్లో వేసుకుని "బాగుంది" అనాలి. ఒకసారి ఉప్పు తక్కువైంది అన్నందుకు వంట చేసే అవ్వ నాతో రెండు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఎప్పుడూ బాగుంది అనే అన్నాను. ఈ బాగుంది అనే అలవాటు ఎంత చెడ్డదో అప్పట్లో నాకు తెలియలేదు.

హెడ్మాస్టరు గారు మంచి మనిషి, అది ముందే చెప్పాలి. అనంతపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. రిటైర్మెంటు దగ్గర పడింది, మోకాళ్ల నొప్పులు, ఇద్దరు టీచర్లున్న బడిలో ఐదు తరగతులు. ఆయన చేతిరాత మాత్రం అచ్చు వేసినట్టుండేది. మీటింగు రోజు పొద్దున్నే తీర్మానాల పుస్తకం తెరిచి, పైన ఒక వాక్యం రాసి పెట్టుకునేవారు. "ఈ దినము చైర్మన్ గారి అధ్యక్షతన పాఠశాల యందు సమావేశమై, ఈ క్రింది విషయమును చర్చించి, ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." దాని కింద కొన్ని వరసలు ఖాళీ. ఆ కింద సంతకాలు. మేం వచ్చినవాళ్లం వచ్చినట్టే ముందు సంతకం పెట్టేసేవాళ్లం, ఎందుకంటే సగంలో లేచిపోయేవాళ్లే ఎక్కువ. ఒకరికి ఆటో, ఒకరికి గొర్రెలు, ఒకరికి పొయ్యి మీద అన్నం. తర్వాత మాట్లాడుకునేవాళ్లం. అందరం పోయాక ఆయన ఆ ఖాళీ వరసలు నింపేవారు. పై వాక్యం, కింది సంతకాలు ముందు, మధ్యలో విషయం తర్వాత. ఎవరికీ తప్పనిపించలేదు. నల్లబల్లకు రంగు, నీళ్ల ట్యాంకుకు మూత, ఏకగ్రీవం కాక మరేముంటుంది అందులో?

కమిటీలో మాకు వరసకు చెల్లెలయ్యే ఒకామె ఉండేది. మొగుడు బెంగళూరులో. తను ఏడు గంటల ఆటోకు రాయదుర్గం పోయి ప్యాంట్లకు దారాలు కత్తిరించి చీకటి పడే వేళకు వచ్చేది. పెద్దది ఆడపిల్ల, రెండో తరగతి పాసై మూడులోకి రాబోతోంది. చిన్నవాడు ఒకటిలో చేరబోతున్నాడు. ఆ పిల్లే తమ్ముడికి తల దువ్వి, అంగన్‌వాడీకి తీసుకుపోయి, తీసుకొచ్చి, తల్లి వచ్చేవరకు చూసుకునేది. ఈ చెల్లెలు మొదటి రెండు మీటింగులకు వేలిముద్రే వేసింది. మూడోసారి వచ్చి, పెన్ను అడిగి తీసుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే దించి పేరు మొత్తం రాసింది. "మా పాప నేర్పిచ్చినాదన్నా, పలక మింద దిద్దిచ్చినాది" అని తల వంచుకుని నవ్వింది. హెడ్మాస్టరు గారు చప్పట్లు కొట్టించారు. ఆ రోజు తర్వాత ఆమె ఒక్క మీటింగు కూడా తప్పలేదు. సంతకం పెట్టడానికే వచ్చేదనుకుంటాను.

అప్పుడు పైనుంచి కాగితం వచ్చింది. పిల్లలు తక్కువున్న బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులు దగ్గరి హైస్కూలులో కలపాలి, దానికి కమిటీ తీర్మానం జతచేయాలి. మాకు దగ్గరి హైస్కూలంటే బళ్లారి రోడ్డు దాటి మూడు కిలోమీటర్లు. రాత్రీ పగలూ ఇనుపఖనిజం లారీలు తిరిగే రోడ్డు అది. మీటింగు పెట్టారు. అలవాటు ప్రకారం పై వాక్యం రాసి ఉంది. అలవాటు ప్రకారం అందరం సంతకాలు పెట్టాం. ఆమె కూడా పెట్టింది, నిదానంగా, ఒక్క గీత కూడా తప్పకుండా. తర్వాత హెడ్మాస్టరు గారు విషయం చదివారు. ఆయన గొంతులోనే ఉత్సాహం లేదు. అక్కడ సబ్జెక్టుకొక టీచరు ఉంటారు, ల్యాబు ఉంటుంది అని చెప్పుకుంటూ పోయారు. అందరూ వింటున్నారో లేదో తెలియనట్టు కూర్చున్నారు.

ఆమె లేచి నిలబడింది. "నేను ఒప్పుకోను సార్. మా పాప ఆడికి పోతే చిన్నోన్ని ఎవరు చూసుకుంటారు? అన్నం ఎవరు పెడతారు?" అంది. హెడ్మాస్టరు గారు పుస్తకం వైపు చూసి, "అమ్మా, ఏకగ్రీవంగా అని రాసేసినాను కదా" అన్నారు, అదేదో అప్పటికే కురిసిపోయిన వాన అయినట్టు. "ఏకగ్రీవం అంటే ఏంది సార్?" "అందరిదీ ఒకటే గొంతు అని తల్లీ." "నేను ఒద్దంటాండా గదా. మరి నా గొంతు యాడికి పోయినాది?"

ఒకరిద్దరు నవ్వారు. నేనూ నవ్వాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆయన ఇబ్బందిగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. కొట్టివేత ఉంటే పైన ఒప్పుకోరు, పేజీ చింపడానికి లేదు, పేజీలకు నంబర్లున్నాయి, పైగా నీ సంతకం కింద ఉంది అన్నారు. "అది వచ్చినానని పెట్టిన సంతకం సార్, ఒప్పుకున్నానని కాదు" అని ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చైర్మన్‌వి గదన్నా, చెప్పు." తర్వాతి పేజీ ఖాళీగానే ఉంది. తిప్పి, ఒకరు ఒప్పుకోలేదు అని రాయించి ఉంటే అయిపోయేది. నాకు ఆ మాట అప్పుడే తోచింది కూడా. కానీ ఆ వారమంతా డబుల్ షిఫ్టు చేసి ఉన్నాను, కాళ్లు లాగుతున్నాయి, ఆకలవుతోంది. మా పాప ఐదో తరగతి అయిపోయి ఎలాగూ సైకిలు మీద హైస్కూలుకు పోవాల్సిందే. "మనం ఒద్దంటే నిలుస్తుందామ్మా? ఇప్పుడు కాకుంటే ఇంగో నెలకు చేస్తారు" అన్నాను. "నిలవకుంటే పోనీన్నా. ఒద్దన్న్యామని రాసైనా ఉంటాది గదా" అంది. ఆటో హారన్ వినిపిస్తే ఇద్దరు లేచారు, వాళ్ల వెనకే అందరం లేచాం.

జూన్‌లో ఆ పిల్ల హైస్కూలుకు పోయింది. చిన్నవాడు ఇక్కడి బడిలో. ఇక్కడి బడి ముందు వదులుతారు, అక్కడిది తర్వాత. అక్టోబరులో ఒక సాయంత్రం వాడు అక్క కోసం ఒక్కడే రోడ్డు మీదికి నడుచుకుంటూ పోయాడు. ఏమీ కాలేదు. ఎవరో లారీ డ్రైవరు బండి ఆపి, దిగి, చేయి పట్టుకుని ఊళ్లోకి తెచ్చి దింపిపోయాడు. మర్నాడు ఆటోలో ఆమె నా పక్కనే కూర్చుని, "పాపను నిలిపేసినా అన్నా. నేను పనికి పోకుంటే జరగదు" అంది. కోపంగా అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఈ ఒక్క ఏడాదే కదా, మళ్లీ చేర్పించొచ్చు అన్నాను. ఊ అంది. నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నేను ఇంకో ఏడాది చైర్మన్‌గా ఉన్నాను, ఇంకో పది పన్నెండు సంతకాలు పెట్టాను. ఆమె మాత్రం మళ్లీ మీటింగుకు రాలేదు.

మూడు నెలల కిందట మా యూనిట్‌లోకి కొత్తగా కొంతమందిని తీసుకున్నారు. ఫారాలు నింపే పని నాకే అప్పగించారు. వరసలో ఆ పిల్ల వచ్చి నిలబడింది. తల్లి పోలికే, కాకపోతే కొంచెం పొడుగు. "బాగుండావా మామా" అని పలకరించింది. పేరు రాశాను, ఊరు రాశాను. చదువు అన్న చోటికి వచ్చేసరికి ఆ పిల్లను అడగలేకపోయాను, అడగాల్సిన అవసరమూ లేదు. రెండు అని రాయబోతుంటే వంగి చూసి, "రెండు కాదు మామా, మూడు అని రాయి. మూడో క్లాసులో నాలుగు నెలలు కూచున్న్యా గదా" అంది. మూడు అని రాశాను. నాకు పదేళ్లు ఎప్పుడు పోయాయో తెలియనే లేదు; ఆ పిల్లకు ఆ నాలుగు నెలలు ఇంకా పోలేదు.