నాన్నకు రాని భాష

మాది దూదేకుల ఇల్లు. పేర్లు ముస్లిం పేర్లే, శుక్రవారం నమాజూ ఉంది, కానీ తిట్టుకున్నా ముద్దు చేసుకున్నా తెలుగులోనే. నాన్నకు ఉర్దూ ముక్క రాదు. నమాజులో ఖురాను సూరాలు బట్టీపట్టి చదివేవాడు, అదీ మా కృష్ణా జిల్లా యాసలో. మసీదులో ఉర్దూ ఇళ్ళవాళ్ళు మూతి తిప్పుకునేవారు. బయటివాళ్ళకేమో మేం సాయిబులమే. రెంటికి చెడ్డ రేవడి ఎవరని నన్నడిగితే, పటమటలో మా ఇంటి అడ్రసు చెప్పేదాన్ని.

గవర్నర్‌పేటలో నాన్న పరుపులు కుట్టే కొట్టుకు ఎదురుగా ఒక టీ హోటలుండేది. దాని యజమానీ నాన్నా ఉయ్యూరు పక్కన ఒకే పల్లెలో పుట్టి పెరిగారు. ఆయన హిందువు. ఇద్దరికీ "ఏం బావా" అనుకోందే పొద్దు గడవదు. నేను ఆయన్ని మావయ్యా అనేదాన్ని. "తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అంటారు. మా బావ దానికీ పనికిరాడు" అని ఆయన ఎగతాళి చేస్తే అందరికంటే ముందు నాన్నే నవ్వేవాడు.

డెబ్భై ఒకటి చివర్లో పాకిస్తాన్‌తో యుద్ధమొచ్చింది. హోటలు రేడియో చుట్టూ ఒకటే జనం. ఒక సాయంత్రం నాన్న కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. ముల్లు తిప్పుతుంటే ఉర్దూలో ఏవో మాటలు వినబడ్డాయి. అది వాళ్ళ స్టేషనో, మన ఢిల్లీ స్టేషనో కూడా ఎవరికీ తెలీదు.

"సాయిబూ, ఏమంటున్నారు మీవాళ్ళు?" అన్నాడొకడు.

మీవాళ్ళట! నాన్న జన్మలో బెజవాడ దాటి వెళ్ళింది గుంటూరుకే, అదీ దూది కొనడానికి.

"నాకా భాష రాదండీ."

"రాదా, చెప్పటం ఇష్టం లేదా?"

"మా బావకి రాదయ్యా! నాతో పెరిగినోడు, నాకు తెలీదూ?" అని మావయ్య కేకేశాడు. ఎవరూ వినిపించుకోలేదు. "ఇక్కడి తిండి తిని అక్కడి పాట పాడేవాళ్ళని..." అంటూ ఒకడు లేచాడు. నాన్న గ్లాసు కింద పెట్టాడు. రేడియోకు చెవి ఆనించి, కాసేపు విన్నట్టు నటించి, "ఓడిపోతున్నాం, ఇక మావల్ల కాదు అని ఏడుస్తున్నారండీ" అన్నాడు.

ఈలలు, చప్పట్లు. "చూశారా, వచ్చు!" అని అందరూ ఒకటే సంబరం. లేచినవాడే నాన్న భుజం తట్టి టీ చెప్పాడు. మావయ్య మాత్రం నాన్న వంకే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు నాన్న వెళ్ళి, "బావా, నిన్న భయపడి అబద్ధమాడాను" అన్నాడట.

"ఏది అబద్ధం? నిన్న వాళ్ళకి చెప్పిందా, చిన్నప్పట్నుంచీ నాకు చెప్పిందా?" అన్నాడట మావయ్య. ఆ తర్వాత, "టీ తాగుతారా, సాయిబు గారూ?" అన్నాడట.

గారు! ఆ మర్యాద తగలెయ్య. ఆ ఒక్క మాట అమ్మకు చెప్పలేక చెప్పలేక చెబుతూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు నాన్న.

సంగతి మసీదుకూ పాకింది. అక్కడ మతం పేరెత్తితే నిప్పులు కక్కే కుర్రాడొకడు ఇంటికొచ్చి, "వాళ్ళు మనల్ని ఎప్పటికీ నమ్మరు. వాళ్ళతో మాటలే మానెయ్యి. నీకు మేమే దిక్కు" అన్నాడు. మొన్నటిదాకా నాన్న నమాజుకు నవ్వినవాడే.

"నన్నెరిగుండీ అనుమానించింది మా బావ ఒక్కడు. దానికి ఊరందర్నీ వదులుకోమంటావా? బాగుందయ్యా నీ లెక్క" అన్నాడు నాన్న.

అనటమైతే అన్నాడు గానీ మనిషి చిక్కిపోయాడు. కొట్లో కూర్చుని దూది ఏకుతూనే ఎదుటి హోటలు వంక చూసేవాడు. ఎదురుపడితే మావయ్య నమస్కారం పెట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు నాన్నకు విషజ్వరం వచ్చింది. వారం తిరక్కుండానే పోయాడు. కబురు తెలిసి మావయ్య పటమట వచ్చాడు. శవం దగ్గర చాలాసేపు నిలబడి, నన్ను పక్కకు పిలిచాడు.

"జ్వరంలో కలవరించాడంట కదమ్మా. నిజం చెప్పు, ఏ భాషలో?"

శవం ఇంట్లో ఉండగా అడగాల్సిన ప్రశ్నా అది! చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఆయన గడ్డం వణుకుతోంది.

"ఒకటే మాట మావయ్యా. బావా, బావా అని."

ఆయన నాన్న కాళ్ళ దగ్గర కూలబడి, "బావా" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆ పిలుపు వినాల్సిన మనిషి పొద్దున్నే వెళ్ళిపోయాడు.