ఒడ్డున తొమ్మిది పడవలు

నిన్న పొద్దున్న మా రిటైర్డు మేస్టర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో, పదిలోంచి నాలుగు తీసి మూడు కలిపే లెక్క ఒకటి పెట్టారు. సగంమంది తొమ్మిదన్నారు, సగంమంది మూడన్నారు, పళ్లూడిన వయసులో తిట్టుకున్నారు కూడా. చివరికి లెక్కల మేస్టారివి నువ్వే తేల్చమని నా మీదకు తోశారు. నాకు కాఫీ సహించలేదు.

భావనపాడు దగ్గర ఒక పల్లె బడిలో నా మొదటి ఉద్యోగం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బోడ్మాస్ సూత్రాన్ని పొల్లుపోకుండా పట్టుకుని, ముందు కూడికే, తర్వాతే తీసివేత అని పిల్లలచేత వల్లె వేయించేవాణ్ణి. ఆ రెండూ సమానమనీ, ఎడమనుంచి ఏది ముందొస్తే అది చెయ్యాలనీ నాకే తెలియదు. సరిగ్గా ఈ లెక్కే బోర్డు మీద రాసి, నాలుగూ మూడూ ఏడు, పదిలో ఏడు పోతే మూడు అని తేల్చేశాను. చేపల వేటకెళ్లే ఇంటి పిల్ల ఒకతె లేచి, కిటికీలోంచి సముద్రంవైపు చూస్తూ, "పది పడవల్లో నాలుగు ఏటకెల్నాయి, మూడే తిరిగొచ్చినాయి. ఒడ్డున తొమ్మిదే కదేటి మేస్టారూ?" అంది. తప్పని చెప్పి, గంట కొట్టేదాకా నిలబెట్టాను.

ఆ రోజు గాలి లేదు, అల లేదు. ఊరి పది పడవల్లో నాలుగు వేకువనే వెళ్లాయట. ఆ పిల్ల ఆ మాట అనేటప్పటికి ఒక్కటీ తిరిగి రాలేదు. మధ్యాహ్నానికి మూడొచ్చాయి. రానిది ఆ పిల్ల తండ్రిది.

సాయంత్రం పుస్తకం తిరగేస్తే తప్పు నాదేనని తెలిసింది. మూడోనాడు ఒప్పుకుందామని ఒడ్డుకెళ్లాను. పడవలన్నీ వరసగా లాగిపెట్టి, మధ్యలో ఒక్క పడవ చోటు ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీలో కూర్చుని ఆ పిల్ల రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది. నేను నోరు విప్పేలోగా వాళ్ల నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మా గుంట సెప్పిన లెక్క తప్పన్నావంట కదా బాబూ. ఆ మాట మీదే ఉండు. ఎవులడిగినా తప్పనే సెప్పు."

అలాగే చెప్పాను. బదిలీ అయ్యేదాకా ఆ బడిలో ఆ లెక్కకు మూడే జవాబు. పిల్లలు అదే రాసుకునేవారు, కిటికీవైపు మాత్రం ఒక్కరూ చూసేవారు కాదు. పడవ రాలేదు. ఆ పిల్లా మళ్లీ బడికి రాలేదు. నీదే సరైందమ్మా అని నేనెన్నడూ అనలేకపోయాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఈ రోజుల్లో ఫోను నొక్కితే చాలు, తొమ్మిదని చెప్పేసి ఊరుకుంటుంది. మేస్టారు తప్పంటే పోయిన పడవ వెనక్కొస్తుందని నమ్మేవాళ్లెవరూ లేరిప్పుడు. గ్రూపులో నా జవాబు కోసం ఇంకా ఎదురు చూస్తున్నారు. తొమ్మిదని కొట్టి, ఇప్పటికి మూడుసార్లు చెరిపేశాను.