తిరగేసిన సర్వపిండి

రత్నమ్మ పెద్దమ్మ ఇక లేదన్న కబురు నాకు మొదట తెచ్చింది పాల యాదమ్మ. అప్పుడు నా పొయ్యి మీద సర్వపిండి ఉంది. బియ్యప్పిండి, నువ్వులు, కరివేపాకు కలిసి కాలే వాసన ఇల్లంతా నిండింది. యాదమ్మ గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటూనే, "పెద్దమ్మ లెక్క మర్లెయ్యకు బిడ్డా," అంది, తిరగెయ్యొద్దని. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం.

రత్నమ్మది తెనాలి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క వాటాలోకి వచ్చింది. బడి ముఖం చూడని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. చాటలో బియ్యం పరిచి, దేవుడికి దండం పెట్టించి, వేలు పట్టి రాయించేది. ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ తల్లి పెట్టిన భిక్షే. ఇక్కడే పుట్టిన మాకంటే ఆమెకే ఈ నేల మీద గర్వం ఎక్కువ. ఊరి నుంచి చుట్టాలొస్తే, "మా తెలంగాణ సీతాఫలం తినండి. మీ వైపు ఇంత తీపి ఎక్కడిదిలెండి," అని దెప్పేది.

ఉద్యమం రోజుల్లో ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీదే వండుకుని తినడం, విజయవాడ బస్సులన్నీ ఆగిపోవడం. మా గల్లీ ఆడవాళ్ళతో రత్నమ్మ కూడా బయలుదేరింది. దారి పొడవునా "జై తెలంగాణండీ!" అని కేకలు.

"గా 'అండీ' తీసెయ్ పెద్దమ్మా, పోలీసులు గూడ నవ్వుతున్నరు," అన్నాను.

"నినాదమైతే మాత్రం, మర్యాద అక్కర్లేదుటే?" అంది.

పొయ్యి దగ్గర యాదమ్మ అడ్డుపడింది. "ఆంధ్రామెకు సర్వపిండి ఏమెరుక? జర పక్కకు జరుగు."

రత్నమ్మ ముఖం చిన్నబోయింది. ముప్పై ఏళ్ళుగా ఆమె కోరుకున్నది ఒక్కటే, ఈ వాడ తనను తమ మనిషి అనుకోవాలని. బతిమాలి ఒక్కటి కాల్చడానికి ఒప్పించింది. పిండి చక్కగా అద్దింది, వేలితో చిల్లులు పెట్టింది, నూనె పోసింది. సర్వపిండిని మేము ఒకవైపే కాలుస్తాం. ఆమె చేయి మాత్రం వాళ్ళూరి దిబ్బరొట్టె అనుకుని, అట్లకాడతో ఎత్తి తిరగేసింది. అది ముక్కలై సగం నిప్పుల్లో పడింది.

"సూసిండ్రా!" యాదమ్మ చప్పట్లు కొట్టింది. నేను తలదించుకుని అమ్మవారిని తలుచుకున్నాను.

సరిగ్గా అప్పుడే, ఆగిన బస్సుల మధ్య నుంచి రత్నమ్మ తమ్ముడు సంచితో నడిచొచ్చాడు. అక్కను ఊరికి తీసుకుపోవడానికే వస్తున్నాడు.

"నా బస్సు ఆపింది నువ్వా అక్కా! ఇల్లు ఖాళీ చేసి వచ్చెయ్. రేపు వీళ్ళు నిన్ను ఉండనిస్తారా?"

"నేనెక్కడికీ రాను. ముందు ఇది తిను," అని ఆమె ఒక ముక్క అతని చేతిలో పెట్టింది. కళ్ళు మాత్రం యాదమ్మ మీదే ఉన్నాయి.

యాదమ్మ కొంగు దోపింది. "ఏంది తమ్మీ, మా పెద్దమ్మను యాడికి తీస్కపోతవ్? రొట్టె ఇరగ్గొడితే మేం నేర్పుకుంటం. నడుమ నువ్వెవడివి?"

రత్నమ్మ అట్లకాడ పైకెత్తి, బస్సులన్నీ అదిరేలా, "జై తెలంగాణండీ!" అంది. తమ్ముడు ముక్క నములుతూ, "ఉప్పు తక్కువైంది," అని గొణిగాడు.

రాష్ట్రం వచ్చింది. యాదమ్మ ఎన్నిసార్లు నేర్పినా, రత్నమ్మ సర్వపిండిని తిరగేయడం మాత్రం మానలేదు. నేనిప్పటికీ చాటలో బియ్యం పోయగానే ముందు వేలితో 'అ' రాసి, దండం పెట్టుకుంటాను.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. మీ ఇంట ఎప్పుడైనా సర్వపిండి విరిగితే విసుక్కోకండి. ఒక ముక్క పక్కన పెట్టి, మా రత్నమ్మను తలుచుకోండి.