తుండుగుడ్డ కింద మోపెడ్

ఆ రోజుల్లో ధర అనేది ఎక్కడా రాసిపెట్టి ఉండేది కాదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, కాసేపు గొణిగి, కాసేపు అలిగితే వాళ్ళ మధ్య గాలిలో నుంచి మెల్లగా దిగివచ్చేది. ఇప్పుడు మా మనవరాలు మాలూరు ఫ్యాక్టరీకి పోయిరావడానికి స్కూటరు కొంటానని ఫోను ముందరేసుకుని కూర్చుంటే, ధర దానంతటదే తెర మీదికి వచ్చి పడుకుంది. "ఇంతే తాతా, ఇంగ మాట్లాడేదానికేమీ లేదు" అంటుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఓసి పిచ్చిదానా, కోలారులో షోరూము మేనేజరుకు చెమటలు పట్టించి, కొత్త మోపెడ్ మీద రెండు వేలు దించినోడిని నేను. ఆయనే కాఫీ తాగించి గేటు దాకా వచ్చి సాగనంపినాడు" అన్నాను. (రెండు వేలు కాదు. ఆ షోరూముకు గేటు కూడా లేదు. నిదానంగా చెప్తాను.)

నాకు అప్పుడు పెళ్ళయిన కొత్త. బేతమంగళ పక్కన అత్తగారి ఊళ్ళో కాపురం, కేజీఎఫ్ బంగారు గనిలో పైన వర్క్‌షాపులో ఫిట్టరు పని. మొదటి షిఫ్టు ఆరింటికి, మా ఊరి మొదటి బస్సు ఏడింటికి. అందుకని సైకిలు తొక్కేవాణ్ణి. తెల్లవారేటప్పుడు చెరువు మీద మంచు లేస్తుంటుంది చూడండి, నీళ్ళు ఇంకా నిద్రలోనే ఊపిరి తీస్తున్నట్టుంటుంది. దాన్ని చూస్తూ కాలు కింద ఆనించి నిలబడితే ఎంతసేపు నిలబడినానో నాకే తెలిసేది కాదు. రెండుసార్లు గేటు మూసినాక చేరినాను. సూపర్‌వైజరు నా మొహంలోకి చూసి, "ఇంగొక తడవ లేటుగా వస్తే నువ్వు ఇంటికాడే ఉండుకో అప్పా. నీ స్టూలు మీద ఇంకొకడు కూర్చునుంటాడు" అన్నాడు. మంచును ఆపడం నా వల్ల కాదు. మోపెడ్ కొనడమే మిగిలింది.

డబ్బు నాది కాదు, మా ఇంటామెది. ఆమె రాత్రీపగలూ మల్బరీ ఆకు వేసి మేపిన పురుగులు కట్టిన మొదటి పట్టుగూళ్ళ డబ్బు. గుడ్డసంచిలో మూట కట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. షోరూములో చెప్పే ధరకు ఆ సంచి రెండు నూర్లు తక్కువ. ఆ రెండు నూర్లు దిగకపోతే సోమవారం మళ్ళీ సైకిలు, మళ్ళీ మంచు, ఆపైన ఉద్యోగం లేదు. అందుకే బేరానికని పిల్లనిచ్చిన మామను వెంట తీసుకుపోయినాం. మామ ఎద్దుల దళారి. టేకల్ నుంచి ఇవతల ఏ సంతలో చూసినా ఆయన తుండుగుడ్డ కనిపించేది.

(అవును, ఇందాక నేనే బేరమాడినానని చెప్పినాను. మామ సంగతి చెప్పడం మరిచిపోయినాను. వయసు.)

మామ షోరూములోకి వచ్చినాడు, మేనేజరు వైపు చూడనే లేదు. నేరుగా మోపెడ్ దగ్గరకు పోయి, సీటు మీద రెండుసార్లు తట్టి, గొంతుక్కూర్చుని కింద చూసి, లేచి దాన్ని నాలుగడుగులు ముందుకూ నాలుగడుగులు వెనక్కూ నడిపించినాడు. "కుంటేది లేదు" అన్నాడు నాతో, తృప్తిగా. ఆ తర్వాత మేనేజరు దగ్గరకు పోయినాడు. బెంగళూరు నుంచి వచ్చిన మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. "ఫిక్స్‌డ్ రేటు పెద్దాయనా. అద్దం, సీటు కవరు, చీర చక్రంలో పడకుండా గార్డు, ఇవన్నీ సెపరేటు" అన్నాడు. "అదెట్లప్పా? ఎద్దును అమ్మి ముక్కుతాడు సెపరేటు అంటారా యాడన్నా?" అని, మామ భుజం మీది తుండుగుడ్డ తీసి మేనేజరు చెయ్యి మీద కప్పి, దాని కింద ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మా సంతల్లో బేరం ఇట్లాగే. నోటితో ఏమీ చెప్పరు. గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు, ఒక వేలికి ఒక నూరు. కానీ ఆ మేనేజరుకు ఏం తెలుసు పాపం! ఎర్రగా అయిపోయి, "ఏన్ రీ ఇదు? ఏమిటిది? చెయ్యి వదలండి!" అని లాక్కున్నాడు. మామ వదల్లేదు. "రేటు మాట్లాడతా ఉండాను సారూ. నోటితో అంటే ఆడ కూర్చున్నోళ్ళు వింటారు కదా" అన్నాడు. బెంచీ మీద ఇంకా ముగ్గురు కొనేవాళ్ళు మెడలు చాపి చూస్తున్నారు. మేనేజరు వాళ్ళను చూసినాడు, గుడ్డను చూసినాడు. లాగడం ఆపేసినాడు. పైకి తగ్గిస్తే ఆ ముగ్గురూ తగ్గించమంటారు. గుడ్డ కింద తగ్గిస్తే దేవుడికి కూడా తెలియదు. ఆయన మొహంలో ఒక శాంతి వచ్చింది. వేళ్ళు కదలడం మొదలైంది.

ఆ సమయంలో నేను ఎక్కడున్నానో ఒప్పుకోవాలి. స్టాండు వేసిన మోపెడ్ మీద కూర్చుని ఉన్నాను. రెండు హ్యాండిళ్ళూ పట్టుకునేసరికి షోరూము గోడలు మెత్తబడి పక్కకు తప్పుకున్నాయి. గనుల మట్టి పోసిన తెల్లటి సయనైడు గుట్టలు వెన్నెల ముద్దల్లా రెండు పక్కలా తేలిపోతున్నాయి. మామిడిపూత వాసన. వెనక ఆమె, నా భుజం మీద చెయ్యి. ఎంత దూరం పోయినా దారి అయిపోవడం లేదు, నాకు ఎవరూ గేటు మూయడం లేదు. మధ్యలో మేనేజరు వచ్చి నన్నేదో అడిగినట్టు గుర్తు, నేనేదో చెప్పినట్టు గుర్తు. ఆ తర్వాత ఆయన తనంతట తానే మామ గుడ్డ ఎత్తి మళ్ళీ చెయ్యి పెట్టినాడు. (అలవాటైపోయినట్టుంది.) చివరికి దిగింది సరిగ్గా రెండు నూర్లు. సంచి ఖాళీ, బండి మాది.

మామ తుండుగుడ్డ విదిలించి భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా బస్సెక్కి పోయినాడు. మేమిద్దరం బండి మీద సాయంత్రం గాలిలో వచ్చినాం. ఊరు దగ్గర పడేకొద్దీ ఆ బండి ఎంత నెమ్మదిగా, ఎంత మెత్తగా నడిచిందని! దారిపక్క రాగి చేలల్లో ప్రతి కంకీ కనిపించేంత నెమ్మది. సోమవారం సైరను మోగకముందే గేటు ముందు నిలబడినాను. ఆ బండి ఎప్పుడో పోయింది, ఆ గనీ మూతబడింది. దాని మీద కూర్చుని పోయిన ఆ పిల్లవాడు మాత్రం ఇంకా ఎక్కడో ఆ గుట్టల మధ్య తిరుగుతూనే ఉన్నాడనిపిస్తుంది. వాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది.

మనవరాలు ఫోను పక్కన పెట్టి చెంపకు చెయ్యి ఆనించుకుని వింటోంది. నా బేరం గెలిచిందనుకున్నాను. అప్పుడు వంటింటి గుమ్మంలో నుంచి మా ఇంటామె వచ్చింది.

"మీ తాత మాట నమ్మొద్దమ్మా. మా నాయన గుడ్డ కింద దించింది నాలుగు నూర్లు. బిల్లు రాసే ముందు ఆ సారు వచ్చి 'బండి నచ్చిందా' అంటే, మీ తాత దాన్ని కావిలించుకోని, 'ఇది లేకుండా నేను ఇంటికి పోను సార్, మీరెంతంటే అంతే' అన్నాడు. ఆయన పెన్ను మూసి, మళ్ళీ గుడ్డ కింద చెయ్యిపెట్టి రెండు నూర్లు వెనక్కి తీసుకున్నాడు. నెమ్మదిగా వచ్చిందంట! దారిలో పెట్రోలు అయిపోతే, పోయించేదానికి ఒక్క రూపాయి లేక చివరి నాలుగు మైళ్ళు తోసుకుంటా వచ్చినాం. పెడలు తొక్కప్పా అంటే, కొత్త బండి, పెడళ్ళు అరిగిపోతాయన్నాడు. తోసింది నేను."